సెప్టెంబర్ చివరి పట్టిక: బిగ్ 12లో ఎవరు ఎక్కడున్నారు, ఎవరికి ఇంకా ఎవరితో ఉంది?

అర్లింగ్టన్ శ్రీనివాస్ | 29 సెప్టెంబర్ 2024, ఉదయం

అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌లో విశ్వవిద్యాలయ జట్లు కలిసి ఆడే సమాఖ్యను కాన్ఫరెన్స్ అంటారు. బిగ్ 12 అలాంటిదే, పేరులో పన్నెండున్నా జట్లు పదహారు. నిన్నటి ఏడు మ్యాచ్‌లతో కలిపి బిగ్ 12లో కాన్ఫరెన్స్ లెక్కకు వచ్చే మ్యాచ్‌లు పద్నాలుగు పూర్తయ్యాయి. పదహారు జట్లూ కనీసం ఒక్కటైనా ఆడాయి. కాబట్టి పట్టిక వేసి చూడదగ్గ మొదటి ఆదివారం ఇదే. ముందు కాన్ఫరెన్స్ గెలుపోటములు, బ్రాకెట్లో మొత్తం గెలుపోటములు రాస్తున్నాను. బీవైయూ అంటే బ్రిగమ్ యంగ్, యూసీఎఫ్ అంటే సెంట్రల్ ఫ్లోరిడా, టీసీయూ అంటే టెక్సస్ క్రిస్టియన్ విశ్వవిద్యాలయం.

2-0: బీవైయూ (5-0), కొలరాడో (4-1), టెక్సస్ టెక్ (4-1)
1-0: అయోవా స్టేట్ (4-0), అరిజోనా (3-1), వెస్ట్ వర్జీనియా (2-2)
1-1: యూటా (4-1), కాన్సస్ స్టేట్ (4-1), యూసీఎఫ్ (3-1), టీసీయూ (3-2), సిన్సినాటి (3-2)
0-1: అరిజోనా స్టేట్ (3-1)
0-2: ఓక్లహోమా స్టేట్ (3-2), బేలర్ (2-3), కాన్సస్ (1-4), హ్యూస్టన్ (1-4)

సీజన్ మొదలవక ముందు విలేకరుల ఓటింగ్‌లో యూటా మొదటి స్థానం, కాన్సస్ స్టేట్ రెండు, ఓక్లహోమా స్టేట్ మూడు. ఇప్పుడు పైన ఉన్న బీవైయూకు అప్పుడు ఇచ్చింది పదమూడో స్థానం.

ఈ పట్టికను విడిగా చదవవద్దని నా విన్నపం. పక్కన షెడ్యూల్ పెట్టుకుని చదవండి. టెక్సస్, ఓక్లహోమా వెళ్లిపోయి, పశ్చిమం నుంచి అరిజోనా, అరిజోనా స్టేట్, కొలరాడో, యూటా వచ్చి చేరాక ఇది పదహారు జట్ల కాన్ఫరెన్స్ అయింది. ఒక్కో జట్టు ఆడేది తొమ్మిది కాన్ఫరెన్స్ మ్యాచ్‌లే. అంటే కాన్ఫరెన్స్ లెక్కలో ప్రతి జట్టూ ఆరు జట్ల ముఖం చూడకుండానే సీజన్ ముగిస్తుంది. గ్రూపులు లేవు. మొత్తం పట్టికలో మొదటి రెండు జట్లు డిసెంబర్ 7న మా ఊరు అర్లింగ్టన్‌లో ఫైనల్ ఆడతాయి. అలాంటప్పుడు 'ఎన్ని గెలిచారు' అన్న ప్రశ్నకు 'ఎవరి మీద గెలిచారు, ఇంకా ఎవరు మిగిలారు' అన్న ప్రశ్న తోడవ్వాలి.

సాల్ట్‌లేక్ సుధాకర్ | 29 సెప్టెంబర్ 2024

శ్రీనివాస్ గారూ, పట్టిక బాగా వేశారు. కానీ యూటా పక్కన 1-1 చూస్తే నాకు కడుపు రగులుతోంది. సెప్టెంబర్ 7న ఇక్కడే బేలర్‌ను 23-12తో ఓడించాం. నేను స్టేడియంలోనే ఉన్నాను. యూటా, బేలర్ రెండూ ఇప్పుడు బిగ్ 12 జట్లే. అయినా ఆ గెలుపు కాన్ఫరెన్స్ లెక్కలోకి రాదట. మా క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి దాడి నడిపే ఆటగాడు) కామ్ రైజింగ్ చేతికి గాయమైందీ ఆ మ్యాచ్‌లోనే. గెలుపు లెక్కలోకి రాలేదు, గాయం మాత్రం సీజన్ అంతా వెంట వచ్చేలా ఉంది. నిన్న రైజింగ్ లేకుండా అరిజోనా చేతిలో 23-10తో ఓడాం.

అర్లింగ్టన్ శ్రీనివాస్ | 29 సెప్టెంబర్ 2024

సుధాకర్ గారూ, మీ బాధ న్యాయమైనదే. ఆ ఒప్పందం మీరు వేరే కాన్ఫరెన్స్‌లో ఉన్నప్పటిది. రెండేళ్ల జోడీలో మొదటిది 2023లో బేలర్ ఊరు వేకోలో జరిగింది, రెండోది ఈ ఏడాది మీ ఊళ్లో. యూటా బిగ్ 12లోకి వచ్చినా పాత ఒప్పందాన్ని అలాగే ఉంచి, దాన్ని కాన్ఫరెన్స్ బయటి మ్యాచ్‌గానే పరిగణించారు. సెప్టెంబర్ 13న కాన్సస్ స్టేట్ 31-7తో అరిజోనాను ఓడించిన మ్యాచ్‌కూ ఇదే గతి. ఆ రాత్రి అరిజోనా అంత ఘోరంగా ఓడినా కాన్ఫరెన్స్ పట్టికలో ఈ రోజు 1-0గా మెరుస్తోంది. అందుకే పట్టికలో కనిపించేదంతా నమ్మకూడదని నేననేది.

విజయనగరం సత్యం | 29 సెప్టెంబర్ 2024

అందరికీ నమస్కారం. నేను పదవీ విరమణ చేసిన లెక్కల ఉపాధ్యాయుణ్ణి. మా అమ్మాయి బౌల్డర్‌లో, కొలరాడో విశ్వవిద్యాలయంలో చదువుతోంది. గత వారం కొలరాడో, బేలర్ మ్యాచ్‌ను ఫోనులో వీడియో పెట్టి చూపించింది. ఇక్కడ ఆదివారం పొద్దున్న, కాఫీ చేతిలో ఉంది. ఇక రెండు సెకన్లే ఉన్నాయనగా కొలరాడో క్వార్టర్‌బ్యాక్ షెదూర్ శాండర్స్ నలభై మూడు గజాల దూరం విసిరిన బంతిని గీత అవతల ఒకడు గుంపులో పట్టుకున్నాడు. స్కోరు 31-31. అదనపు సమయంలో కొలరాడో 38-31తో గెలిచింది. నియమాలు సగం కూడా తెలియకపోయినా లేచి నిలబడ్డాను.

నా సందేహం ఇది. అందరూ అందరితో ఆడనప్పుడు ఒకే పట్టిక పెట్టడం సబబేనా? మన ఐపీఎల్‌లో 2022 నుంచి పది జట్లు, ఒక్కొక్కరికి పద్నాలుగు మ్యాచ్‌లు. ఐదుగురితో రెండుసార్లు, నలుగురితో ఒక్కసారి. అక్కడా సమానం కాదు. కానీ కనీసం అందరూ ఒకరికొకరు ఎదురుపడతారు.

అర్లింగ్టన్ శ్రీనివాస్ | 29 సెప్టెంబర్ 2024

మాస్టారూ, మీరు పట్టుకున్నదే అసలు ముడి. ఈ ఆటలో వారానికి ఒక్క మ్యాచ్‌కు మించి శరీరం ఒప్పదు. సీజన్‌కు పన్నెండు మ్యాచ్‌లు, అందులో మూడు బయటివారితో. పదిహేను మంది ప్రత్యర్థులున్నా తొమ్మిది వారాలే దొరుకుతాయి. ఒకప్పుడు ఇదే కాన్ఫరెన్స్‌లో పది జట్లే ఉండి అందరూ అందరితో ఆడేవారు. అప్పటి పట్టికకు ఉన్న విలువ వేరు.

లారెన్స్ లక్ష్మి | 30 సెప్టెంబర్ 2024

పట్టికలో అడుగున ఉన్న కాన్సస్ తరఫున నేనొక్కదాన్నే ఉన్నట్టున్నాను. నేను అక్కడే ఎమ్మెస్ చేశాను, ఇప్పటికీ ఆ విశ్వవిద్యాలయం ఉన్న లారెన్స్‌లోనే ఉంటాను.

1-4 చూసి మా జట్టును కొట్టిపారేయకండి. ఇలినాయ్ చేతిలో 23-17, యూఎన్‌ఎల్‌వీ (లాస్ వేగాస్‌లోని నెవాడా విశ్వవిద్యాలయం) చేతిలో 23-20, వెస్ట్ వర్జీనియాలో 32-28. మూడు మ్యాచ్‌లూ కలిపి పదమూడు పాయింట్ల తేడా. ఆ వెస్ట్ వర్జీనియా మ్యాచ్‌లో, వాళ్ల ఊరు మోర్గాన్‌టౌన్‌లో, 28-17తో ముందుండి చివర్లో రెండు టచ్‌డౌన్‌లు (బంతిని గీత దాటిస్తే వచ్చే ఆరు పాయింట్లు) సమర్పించుకున్నాం. మొన్నటి టీసీయూ మ్యాచ్ ఒక్కటే కాస్త పెద్ద తేడాతో పోయింది, 38-27.

ఇంకొకటి కూడా చెప్పాలి. ఈ ఏడాది మాకు సొంత మైదానం లేదు. లారెన్స్‌లోని స్టేడియాన్ని పడగొట్టి మళ్లీ కడుతున్నారు. సొంత మ్యాచ్‌లన్నీ నలభై మైళ్ల అవతల కాన్సస్ సిటీలో. మొదటి రెండు సాకర్ స్టేడియంలో, కాన్ఫరెన్స్ మ్యాచ్‌లు యారోహెడ్ అనే పెద్ద ఫుట్‌బాల్ స్టేడియంలో. ఆట ఉన్న శనివారం పిల్లలు గదుల్లోంచి నడిచి కొండ దిగి మైదానానికి వెళ్లే ఊరు ఇది. ఈ శరదృతువులో ఆ వీధులు బోసిపోయి ఉన్నాయి. షెడ్యూల్‌లో 'సొంత మ్యాచ్' అని రాసి ఉంటుంది, నాకు మాత్రం ఆ మాట చదివినప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది.

టెంపే తరుణ్ | 30 సెప్టెంబర్ 2024

నేను ఆగస్టులోనే హనుమకొండ నుంచి అరిజోనా స్టేట్‌కు వచ్చాను. మా గదిలో నలుగురం తెలుగువాళ్లమే. ఆట అర్థం చేసుకోవడం ఇప్పుడిప్పుడే మొదలుపెట్టాను. మా జట్టును ఓటింగ్‌లో పదహారో స్థానంలో, అంటే అందరికన్నా చివర పెట్టారని ఇక్కడి సీనియర్లు చెప్పారు. గత ఏడాది 3-9 అట. ఇప్పుడే 3-1 కదా, కాన్ఫరెన్స్‌లో ఆడింది ఒకటే కదా. లుబ్బాక్‌లో టెక్సస్ టెక్ చేతిలో 30-22తో ఓడడం అంత తీసిపారేయాల్సిన విషయమా? శనివారం కాన్సస్ ఇక్కడికే వస్తోంది. లక్ష్మి అక్కా, ఏమనుకోకండి, మేం గెలవాలి!

లారెన్స్ లక్ష్మి | 30 సెప్టెంబర్ 2024

అనుకోను తమ్ముడూ. బంతి పట్టుకుని పరుగెత్తే మీ కామ్ స్కాటెబోను ఆపడం ఎలాగో మా కోచ్ లాన్స్ లైపోల్డ్ ఆలోచించుకుంటారు. మిసిసిపి స్టేట్ మీద మీరు 30-23తో గెలిచిన మ్యాచ్ చూశాను. ఒకడు తగులుకుంటే పడడు, ఇద్దరు తగులుకున్నా ముందుకే పోతాడు. మీ జట్టు పదహారోది కాదు, నా కళ్లతో చూసి చెబుతున్నాను.

ఏమ్స్ కిషోర్ | 1 అక్టోబర్ 2024

అయోవా స్టేట్ గురించి ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేనే రాస్తున్నాను. మొక్కజొన్న మీద పరిశోధన కోసం వచ్చి ఆరేళ్లయింది. 4-0తో ఉన్నాం. సెప్టెంబర్ 7న ఇదే రాష్ట్రంలోని మరో విశ్వవిద్యాలయం అయోవా మీద 20-19. ఆ మ్యాచ్ ఇక్కడ ఇంటింటి పండుగ. గెలిచిన మరునాడు ప్రయోగశాలలో అయోవా అభిమానుల ముఖాలు వాడిపోయి ఉన్నాయి.

శ్రీనివాస్ గారు చెప్పినట్టు షెడ్యూల్ ముందు పెట్టుకుని కూర్చున్నాను. మాకు మిగిలినవి: బేలర్, వెస్ట్ వర్జీనియా, యూసీఎఫ్, టెక్సస్ టెక్, కాన్సస్, సిన్సినాటి, యూటా, కాన్సస్ స్టేట్. ఇందులో బీవైయూ లేదు, కొలరాడో లేదు, అరిజోనా స్టేట్ లేదు. ఇప్పుడు పైన ఉన్న మూడు జట్లలో మాకు తగిలేది టెక్సస్ టెక్ ఒక్కటే. దీన్ని అదృష్టం అనాలో లేక నిరూపించుకునే అవకాశం పోవడం అనాలో తెలియడం లేదు. నాకైతే బీవైయూను మా జాక్ ట్రైస్ స్టేడియంలో చూడాలని ఉంది.

(ఆ పేరు వినని వారికి: జాక్ ట్రైస్ ఈ విశ్వవిద్యాలయపు మొదటి నల్లజాతి క్రీడాకారుడు. 1923లో మిన్నెసోటాతో మ్యాచ్‌లో తగిలిన గాయాలతో చనిపోయాడు. లోపలికి అడుగు పెట్టినప్పుడల్లా ఆ పేరు ఒకసారి తలచుకుంటాను.)

సాల్ట్‌లేక్ సుధాకర్ | 1 అక్టోబర్ 2024

శ్రీనివాస్ గారితో నాకు ఒక పేచీ ఉంది. షెడ్యూల్ చూసి చదవాలంటున్నారు, బాగానే ఉంది. కానీ ఎవరు బలవంతులో తెలియకుండా షెడ్యూల్‌ను ఎలా తూకం వేస్తారు? ఓక్లహోమా స్టేట్‌ను మేం వాళ్ల మైదానంలో 22-19తో ఓడించినప్పుడు అది కొండంత గెలుపు అనుకున్నాం. వారం తిరిగేసరికి కాన్సస్ స్టేట్ వాళ్లను 42-20తో ఓడించింది. మరి మా గెలుపు పెద్దదా, వాళ్లే చిన్నబోయారా? సెప్టెంబర్‌లో ప్రత్యర్థి బరువు తెలియదు. తెలియని రాళ్లతో తూకం వేస్తే ఏ వైపు మొగ్గినా అది తూకం కాదు. నా దృష్టిలో గెలుపు ఒక్కటే గట్టి సంఖ్య.

అర్లింగ్టన్ శ్రీనివాస్ | 1 అక్టోబర్ 2024

ఒప్పుకుంటున్నాను సుధాకర్ గారూ. నా దగ్గర దీనికి పూర్తి సమాధానం లేదు. కాన్సస్ స్టేట్‌నే తీసుకోండి. ఒక వారం బీవైయూ ఊరు ప్రోవోలో వాళ్ల చేతిలో 38-9తో కుప్పకూలింది. ఆ మ్యాచ్‌లో బీవైయూ ఆటగాడు పార్కర్ కింగ్‌స్టన్ పంట్ (ప్రత్యర్థి దూరంగా తన్నిన బంతి) పట్టుకుని తొంభై గజాలు పరుగెత్తిన క్షణం మరువలేను. తరువాతి వారమే అదే కాన్సస్ స్టేట్ ఓక్లహోమా స్టేట్‌ను చితగ్గొట్టింది. యూసీఎఫ్ ఫోర్ట్‌వర్త్‌లో టీసీయూ మీద 28-7తో వెనకబడి 35-34తో గెలిచింది, రెండు వారాలకు సొంత మైదానంలో కొలరాడో చేతిలో 48-21తో ఓడింది. ఏ జట్టు ఏమిటో చెప్పలేని కాన్ఫరెన్స్ ఇది.

అయినా మిగిలిన షెడ్యూల్ చూడడం మానలేను. అది అంచనా కోసం కాదు, ఎక్కడ ఏ మ్యాచ్ మీద కన్ను వేయాలో తెలుసుకోవడానికి.

విజయనగరం సత్యం | 2 అక్టోబర్ 2024

మీ ఇద్దరి వాదనా నాకు నచ్చింది. నేనొక చిన్న పని మొదలుపెట్టాను. మా మనవడి పాత నోటుపుస్తకంలో పదహారు అడ్డగీతలు, పదహారు నిలువుగీతలు గీసి, ఎవరు ఎవరితో ఆడతారో గళ్లలో గుర్తు పెడుతున్నాను. వారం వారం ఫలితాలు నింపుతాను. ఒక అవసరం: ఈ మ్యాచ్‌లు ఇక్కడి సమయంలో ఎప్పుడో ఎవరైనా ముందుగా రాస్తూ ఉంటే మేలు. అరిజోనాకూ మనకూ ఏడాది పొడవునా పన్నెండున్నర గంటలే తేడా అని, కొలరాడోకు మాత్రం చలికాలంలో గంట మారుతుందని అమ్మాయి చెప్పింది. మొదట్లో ఈ సంగతి తెలియక అలారం పెట్టడంలో ఇబ్బంది పడ్డాను.

టెంపే తరుణ్ | 6 అక్టోబర్ 2024

కాన్సస్ మీద 35-31! ఆఖరి నిమిషంలో మా క్వార్టర్‌బ్యాక్ శామ్ లెవిట్ వేసిన టచ్‌డౌన్ పాస్‌తో గెలిచాం. గొంతు పోయింది. పక్కన ఎవరో తెలియని పెద్దాయన నన్ను పట్టుకుని గిరగిరా తిప్పాడు. ఇప్పుడు కాన్ఫరెన్స్‌లో 1-1.

లారెన్స్ లక్ష్మి | 6 అక్టోబర్ 2024

అభినందనలు తరుణ్. మళ్లీ నాలుగు పాయింట్లే. ఇప్పుడు 1-5. రాత్రంతా నిద్ర పట్టలేదు. అయినా నా మాట మార్చను. ఈ జట్టు ఎవరికో ఒకరికి గట్టిగా తగులుతుంది. మిగిలిన షెడ్యూల్‌లో మాకు నవంబర్‌లో వరసగా అయోవా స్టేట్, బీవైయూ, కొలరాడో ఉన్నాయి. కిషోర్ గారూ, ఆ శనివారం తేలిగ్గా తీసుకోకండి.

సాల్ట్‌లేక్ సుధాకర్ | 12 అక్టోబర్ 2024

నిన్న శుక్రవారం టెంపేలో అరిజోనా స్టేట్ చేతిలో 27-19తో ఓడాం. రైజింగ్ తిరిగి వచ్చాడు కానీ చెయ్యి సరిగా లేదని ప్రతి పాస్‌లోనూ తెలుస్తోంది. నొప్పితో ఆడుతున్న మనిషిని చూస్తే కోపం రాదు, జాలి వేస్తుంది. ఓటింగ్‌లో మొదటి జట్టును పదహారో జట్టు ఓడించింది. తరుణ్, మీ కోచ్ కెన్నీ డిల్లింగ్‌హామ్ అక్కడే చదువుకున్నవాడు కదా, ఆ పిల్లల్లో ఆ ఊరి మీద మమకారం కనిపిస్తోంది. మనస్ఫూర్తిగా చెబుతున్నాను.

విజయనగరం సత్యం | 1 డిసెంబర్ 2024

ఈ చర్చ అక్టోబర్ నడుమ ఆగిపోయింది. నా నోటుపుస్తకం మాత్రం ఆగలేదు. నిన్నటితో గళ్లన్నీ నిండాయి. 144 గళ్లు, అంటే 72 మ్యాచ్‌లు.

నాలుగు జట్లు 7-2తో సమానం: అరిజోనా స్టేట్, అయోవా స్టేట్, బీవైయూ, కొలరాడో. ముఖాముఖి చూద్దామంటే ఈ నలుగురి మధ్య ఆరు మ్యాచ్‌లకు చోటుండగా జరిగింది ఒక్కటే. అది నవంబర్ 23న అరిజోనా స్టేట్ 28-23తో బీవైయూను ఓడించిన మ్యాచ్. కాబట్టి నలుగురూ ఆడిన ఉమ్మడి ప్రత్యర్థులను చూడాలి. నా గళ్లలో నాలుగు దొరికాయి: యూటా, యూసీఎఫ్, కాన్సస్ స్టేట్, కాన్సస్. వీరి మీద అరిజోనా స్టేట్ 4-0. అయోవా స్టేట్, బీవైయూ చెరో 3-1. మా కొలరాడో 2-2. కొలరాడో ఫైనల్‌కు పోలేదన్న బాధ ఉంది, కానీ లెక్క మాత్రం శుభ్రంగా ఉంది.

ఇక అయోవా స్టేట్, బీవైయూలలో ఎవరు? వీరిద్దరికీ ఉమ్మడిగా తగిలిన ఆరు జట్ల మీదా సమానమే, 5-1. అప్పుడు ప్రత్యర్థుల గెలుపులు కూడాలి. అయోవా స్టేట్ ఆడిన తొమ్మిది జట్లు కాన్ఫరెన్స్‌లో కలిపి 36 గెలిచాయి. బీవైయూ ఆడిన తొమ్మిది గెలిచింది 31. అందులో ఓక్లహోమా స్టేట్ ఒక్కటీ గెలవలేదు, 0-9. ఓటింగ్‌లో మూడో స్థానం ఇచ్చిన జట్టు! సుధాకర్ గారూ, అక్టోబర్ 1న మీరు అడిగిన తూకపు రాయి ఇదే. ఆ రోజు దాని బరువు ఎవరికీ తెలియలేదు. ఈ రోజు బీవైయూను ఫైనల్‌కు దూరం చేసింది.

లారెన్స్ లక్ష్మి | 1 డిసెంబర్ 2024

మాస్టారూ, మీ గళ్లలో మా కాన్సస్ వరసను మళ్లీ చూడండి. నవంబర్ 9న అయోవా స్టేట్ మీద 45-36, 16న బీవైయూ మీద 17-13, 23న కొలరాడో మీద 37-21. మూడూ అప్పటికి జాతీయ ర్యాంకుల్లో ఉన్న జట్లే. ఆ నలుగురిలో మా చేతిలో ఓడనిది అరిజోనా స్టేట్ ఒక్కటే, అదీ అక్టోబర్ 5న నాలుగు పాయింట్లతో. మేం 5-7తో ముగించాం, సీజన్ తరువాత ఆడే బౌల్ మ్యాచ్ లేదు. బేలర్ చేతిలో నిన్నటి ఓటమి ఇంకా గుండెల్లో ఉంది. అయినా 'సొంత మైదానం' లేని ఏడాదిలో ఈ పిల్లలు చేసిన పని చూసి నాకు గర్వంగా ఉంది.

సాల్ట్‌లేక్ సుధాకర్ | 1 డిసెంబర్ 2024

వరసగా ఏడు ఓటములు. చివరికి 5-7. బీవైయూ చేతిలో 22-21 ఓటమి గురించి రాసే శక్తి లేదు. బేలర్ సంగతి మాత్రం చెప్పాలి. నేను ఈ చర్చలో మొదట తిట్టుకున్నది ఆ మ్యాచ్ లెక్కకు రాలేదని. సెప్టెంబర్ చివర 0-2గా ఉన్న ఆ జట్టు చివరి ఆరు మ్యాచ్‌లూ గెలిచి 6-3తో నిలిచింది. మేం ఓడించింది అలాంటి జట్టునని ఇప్పుడు తెలిసింది.

టెంపే తరుణ్ | 8 డిసెంబర్ 2024

మేం ముగ్గురం టెంపే నుంచి అర్లింగ్టన్‌కు కారులో వెళ్లాం. రాత్రి శ్రీనివాస్ గారి ఇంట్లోనే పప్పుచారు, గుత్తి వంకాయ తిని పడుకున్నాం. అయోవా స్టేట్ మీద 45-19. పదహారో స్థానం ఇచ్చిన జట్టు ఛాంపియన్. జాతీయ ఛాంపియన్‌ను తేల్చే పన్నెండు జట్ల ప్లేఆఫ్‌లో నాలుగో సీడ్ వచ్చింది, మొదటి రౌండ్ ఆడనక్కర్లేదు. కిషోర్ అన్నను బయట కలిశాను. ఎర్రకళ్లతో ఉన్నా నన్ను కౌగిలించుకున్నాడు.

ఏమ్స్ కిషోర్ | 9 డిసెంబర్ 2024

ఓడిన రాత్రి ఎవరితోనూ మాట్లాడలేకపోయాను. ఈ రోజు వచ్చే ఏడాది షెడ్యూల్ తెరిచాను. 2025 ఆగస్టు 23న మా మొదటి మ్యాచ్ కాన్సస్ స్టేట్‌తో, ఐర్లండ్‌లోని డబ్లిన్‌లో. అది కాన్ఫరెన్స్ లెక్కలోకి వచ్చే మ్యాచ్ కూడా. మాస్టారూ, ఐర్లండ్ మనకన్నా వేసవిలో నాలుగున్నర గంటలే వెనక. ఈసారి మీరు తెల్లవారుజామున లేవనక్కర్లేదు.

విజయనగరం సత్యం | 9 డిసెంబర్ 2024

కొత్త నోటుపుస్తకం కొన్నాను బాబూ. మొదటి గడిలో మీ మ్యాచ్ తేదీ రాసి పెట్టాను.